రెండు వీధుల పచ్చకామెర్లు

కాలేయం ఒంట్లో ఎక్కడ ఉంటుందో, ఏం చేస్తుందో ఉద్యోగంలో చేరిన పదేళ్ల దాకా నాకు సరిగ్గా తెలియదు. ట్రైనింగులో చదివాను, పరీక్షలో బొమ్మ గీశాను, మార్కులూ వచ్చాయి. తర్వాత మరిచిపోయాను. హెల్త్ ఇన్‌స్పెక్టరుకు దానితో పనేముంది? మా పనల్లా దోమలు, బావులు, బ్లీచింగ్ పౌడరు. ఊళ్లలో నన్ను మలేరియా సారు అనేవాళ్లు. కలరా వచ్చినా మలేరియా సారే రావాలి, కుక్క కరిచినా మలేరియా సారే రావాలి.

మా శాఖలో ఇప్పుడు కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను గొప్పగా చేసిన పని కాదు. మొదట చెడగొట్టి, తర్వాత సగం సర్దిన పని.

మండలాలు ఏర్పడిన కొత్తలో నన్ను పులివెందుల వైపు నుంచి జమ్మలమడుగు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. మైలవరం కాలువ కింద పొలాలున్న ఊళ్లు మా పరిధిలోకి వచ్చేవి. సొంతూరు పులివెందుల అని చెప్పగానే ఎదుటివాడు ఒక క్షణం ఆగి, "ఎవురి తట్టు మనుషులు మీరు?" అని అడిగేవాడు. నేను దోమల తట్టు అని నవ్వేసేవాణ్ని. ఆ నవ్వు చాలా ఊళ్లలో పనికొచ్చింది, ఒక్క ఊళ్లో తప్ప.

ఆ ఊళ్లో పై వీధి, కింది వీధి అని రెండు. పార్టీ అంటే అక్కడ ముందు వీధి, తర్వాతే జెండా. పై వీధి వాళ్లు ఒక జెండా పట్టుకుంటే కింది వీధి వాళ్లు రెండోది పట్టుకున్నారు. జెండాలు రాకముందే కొట్టుకున్నారు, చంపుకున్నారు. పై వీధికి పెద్ద, పంచాయతీ పాత ప్రెసిడెంటు. కింది వీధికి ఒక ముసలాయన, అందరూ పెద్దాయన అనేవాళ్లు. రెండు వీధుల మధ్య పంచాయతీ ఆఫీసు, దానికెప్పుడూ తాళం. దాని ముందు నుంచి మురికి కాలువ పారేది. నీళ్ల ట్యాంకు పై వీధిలో ఉంది. బస్సు ఆగే చోటు కింది వీధిలో ఉంది. అందుకని కింది వీధి వాళ్లు పై వీధి నుంచి వచ్చే నీళ్లు తాగాలి, పై వీధి వాళ్లు జమ్మలమడుగు పోవాలంటే కింది వీధిలోంచి నడవాలి. నీళ్లయితే తాగేవాళ్లు. నడవడం మాత్రం పై వీధి మగవాళ్లూ, ప్రెసిడెంటు ఇంటి ఆడవాళ్లూ మానేసి రెండేళ్లయింది. వాళ్లు పొలాల గట్ల మీద పక్క ఊరికి నడిచిపోయి అక్కడ బస్సెక్కేవాళ్లు.

ఆ వేసవిలో కింది వీధిలో పచ్చకామెర్లు మొదలయ్యాయని కబురొచ్చింది. నేనూ, మా నర్సమ్మా పోయాం. ఆమెది ప్రొద్దుటూరు. నాకంటే చిన్నది, ధైర్యంలో మాత్రం పెద్దది. బస్సు దిగగానే పెద్దాయన మనిషి ఒకడు మా వెంట నడిచాడు. ఇల్లిల్లూ వాడే చూపించాడు. ప్రతి రెండో ఇంట్లో ఒకరు గోడకు ఆనుకుని కూర్చున్నారు. కళ్లు పసుపు రాసినట్టున్నాయి. అన్నం చూస్తే వాంతి వస్తోందని, నేతి వాసన పడడం లేదని, ఒంటేలు ఆముదం రంగులో పోతోందని చెప్పారు. కొందరి మణికట్ల మీద వాతలు పచ్చిగా ఉన్నాయి. కామెర్లకు వాత పెట్టించడం, కంట్లో పసరు పోయించడం అప్పట్లో మందు కింద లెక్క.

పేర్లు రాసుకుని, బ్లీచింగ్ పౌడరు ఇచ్చి, వీధి చివరికి వచ్చాం. ఎదురుగా మురికి కాలువ, పంచాయతీ ఆఫీసు. దాని గోడ మీద నల్లటి మరక ఉంది. వారం కిందట అక్కడ నాటు బాంబు పేలింది.

"పైకి గూడా పోదాం సార్, ఆ ట్యాంకు నీళ్లే గదా ఆడా తాగేది" అంది నర్సమ్మ.

మా వెంట వచ్చినవాడు నవ్వాడు. "పోండమ్మా. మేమైతే ఈడికే. ఈ తట్టు నుంచి వచ్చినోళ్లని వాళ్లు ఎట్ల చూస్తారో మాకు తెలీదు."

నేను గోడ మీది మరకను చూశాను. వాచీ చూసుకుని, బస్సుకు టైమైందన్నాను.

మరుసటి రోజు ఆఫీసులో కూర్చుని నివేదిక రాశాను. కింది వీధిలో ఇన్ని కేసులు, ఇన్ని ఇళ్లు అని వివరంగా రాశాను. ఫారంలో పై వీధికి కూడా ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే పైవాళ్లు ఎందుకని అడుగుతారు. "చూడలేదు" అని రాస్తే ఎందుకు చూడలేదని అడుగుతారు. అందుకని "లేవు" అని రాశాను. రెండక్షరాలు. సంతకం పెట్టి పంపేశాను.

ఆ రెండక్షరాలు ఎంత దూరం నడిచాయో చెబుతాను.

నాలుగు రోజులకు కింది వీధిలో ఒక మాట పుట్టింది. ట్యాంకు పై వీధిలో ఉంది. వాల్వు తిప్పే మనిషి పై వీధివాడు. జబ్బు మాత్రం కింది వీధికే వచ్చింది. అంటే కింది వీధికి నీళ్లు వదిలేటప్పుడు వాడు మందు కలుపుతున్నాడు. ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి, ఓట్లు తగ్గించడానికి ప్రెసిడెంటు చేయిస్తున్నాడు. మాట పుట్టిన రెండో రోజు జమ్మలమడుగు పోయి పోలీసు కంప్లయింటు ఇచ్చారు. దానికి నా నివేదిక కాపీ జత చేశారు. ఎవరు ఇచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. సర్కారు మనిషే రాశాడు గదా పై వీధిలో కేసులు లేవని, అన్నది వాళ్ల వాదన.

వాల్వు తిప్పే ఆయన పేదవాడు. ఏ గొడవలోనూ వేలు పెట్టినవాడు కాదు. పై వీధిలో పుట్టడమే ఆయన చేసిన రాజకీయం. ఊళ్లో వదిలేస్తే చంపేస్తారని పోలీసులు వచ్చి స్టేషనుకు తీసుకుపోయారు. కేసు కట్టాక సబ్‌జైలుకు పంపారు. ఆయన లేకపోయేసరికి పై వీధి వాళ్లెవరో వాల్వు తిప్పేవాళ్లు. అది చూసి కింది వీధిలో అనుమానం ఇంకా పెరిగింది. కత్తులు బయటికి తీశారని, బాంబులు చుడుతున్నారని మా ఆరోగ్య కేంద్రం దాకా వినబడింది.

మా డాక్టరు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది, ఆయన మాటకు మావాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. ఆ రోజు నన్ను పిలిచి, ఓపీ చీటీ వెనక కాలేయం బొమ్మ గీశాడు.

"చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. మన రక్తంలో పాత కణాలు రోజూ చచ్చిపోతుంటాయి. వాటిలోంచి ఒక పసుపు పదార్థం వస్తుంది. దాన్ని కాలేయం పట్టుకుని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి తోసేస్తుంది. కాలేయం వాచిందనుకోండి, తోయలేదు. ఆ పసుపు రక్తంలోనే ఉండిపోతుంది. కళ్లలోకి, చర్మంలోకి, మూత్రంలోకి వచ్చేస్తుంది. కామెర్లంటే అంతేనండీ."

"విషం తాగినా అట్లే వస్తుందా సార్?"

"కొన్ని విషాలకు వస్తుంది. కానీ ఒకేసారి తాగితే అందరికీ ఒకేసారి రావాలి. ఇది చూస్తే ఒక వారం ఇద్దరికి, మరుసటి వారం పదిమందికి, ముందు జ్వరం, తర్వాత పసుపు. ఇది వైరసు. నీళ్లలో మురుగు కలిసిన నెలకో నెలన్నరకో బయటపడుతుంది. అవునూ, పై వీధి వాళ్లు తాగేదీ ఆ ట్యాంకు నీళ్లేగా?"

"అవే సార్."

"వాళ్లలో కేసులు లేవన్నారుగా మీరు?"

"లేవు సార్."

"లేవా, చూడలేదా?"

ఆయన చీటీని నా వైపు తోసి, మరో రోగిని పిలిచాడు. ఇంతకంటే మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు.

మరుసటి రోజు పొద్దున నర్సమ్మ వచ్చింది. ముందు రోజు తను ఒక్కతే పై వీధికి పోయిందట. టీకాల పెట్టె భుజాన వేసుకుని, మురికి కాలువ దాటి, ఎవరినీ అడక్కుండా. ఆడమనిషి అని ఎవరూ ఆపలేదు.

"ఆడా ఉండాయి సార్ కేసులు" అంది. "బడి అవతల తట్టు, ఆ సందులో నాలుగిండ్లలో. దాచిపెట్టుకోనుండారు. ప్రెసిడెంటు ఇల్లూ ఆ సందులోనే, ఆయప్ప కోడలికీ వచ్చింది. ఎనిమిది నెలల కడుపు."

"ఎట్లుంది?"

"పచ్చగుండటం కాదు సార్ నా భయం. పగలంతా మత్తుగా పండుకుంటాంది. పప్పులోకి ఉప్పెయ్యమంటే చక్కెర ఏసిందంట. చెయ్యి చాపమంటే గువ్వ రెక్కలు కొట్టుకున్నట్ల చేతులు అదురుతాండాయి. పండ్లు తోముకుంటే చిగుళ్లలో నెత్తురు ఆగడం లేదంట."

డాక్టరు ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచాడు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు తయారుచేసేది కాలేయమేనట. పేగుల్లో పుట్టే మలినాన్ని విరిచేసేదీ అదేనట. అది పని మానేస్తే ఆ మలినం తలకెక్కి మనిషికి మతి తప్పుతుందని, కడుపుతో ఉన్నవాళ్లకు ఈ రకం కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయని గబగబా చెప్పాడు. "ఇవాళే ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి పోవాలండీ. రేపు కాదు."

మా కేంద్రానికి ఒక పాత జీపు ఉండేది. డ్రైవరుతో కలిసి డాక్టరు, నర్సమ్మ, నేను అందులో బయలుదేరాం. కింది వీధిలోంచే పోవాలి కదా. పోయేటప్పుడు ఎవరూ ఆపలేదు. ఖాళీ జీపు, సర్కారు జీపు.

ప్రెసిడెంటు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వెనక నలుగురు మనుషులు. విషయం చెప్పాను. ఆయన నా ముఖం కూడా చూడలేదు.

"మా ఇంట్లో ఎవరికీ ఏం లేదు. నువ్వే రాసినావంట గదా, పై వీధిలో లేవని. ఇబ్బుడేంది కొత్తగా?"

"తప్పు రాశానప్పా. రాకుండా రాశాను."

అప్పుడు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముఖంలో కనబడింది అలసట.

"ప్రొద్దుటూరికి యా దావన పోతావు?"

"కింది వీధి దావే. ఇంకోటి లేదు గదా."

"పొలాల్లో కాలువ నీళ్లు వదిలినారు, బండి గూడా పోదు. కింది వీధిలో నా కోడలు పోవాలంటే వాళ్లను అడగల్ల. నేనడగను. మావోడు ఎంట పోతే వాణ్ని నరుకుతారు. పంపించకుంటే ఈ పిల్ల పోతాది. నువ్వే చెప్పు సారూ, ఏం జేయల్ల?"

వాకిలి వెనక నుంచి ఆయన భార్య మాట వినబడింది. "అడిగితే నోరు అరిగిపోతాదా? నా కోడల్ని పంపిస్తే నేను ఎంట పోతా. మొగోళ్లు ఎవురూ రావద్దు."

"నేను అడుగుతాను" అన్నాను. పది రోజుల కిందట బస్సు టైమైందని తప్పించుకున్న మనిషినే నేను. ఈసారి జీపు మాదే, టైము చూసుకోవడానికి సాకు లేదు.

డాక్టరును, నర్సమ్మను అక్కడే ఉంచి నేను నడిచి కాలువ దాటాను. కింది వీధి మొదట్లో ఊరి గొర్రెల కాపరి ఇల్లు. ఆ ముసలాయన ఏ పార్టీలోనూ లేడు. మేత కోసం గండి కొండల దాకా మంద తోలుకుపోయే మనిషి, రెండు వీధులవాళ్లకూ పొట్టేళ్లు కోసి ఇచ్చేవాడు. ఆ రోజు ఎవరింటికో ఒక పొట్టేలును కోస్తున్నాడు. దాని కార్జం, అంటే కాలేయమే, పళ్లెంలో మెరుస్తూ ఉంది. నాకు డాక్టరు గీసిన బొమ్మ, జీపులో దారి పొడుగునా ఆయన చెప్పిన సంగతులు గుర్తొచ్చాయి. బొమ్మ చూపిస్తే ఎవరు నమ్ముతారు?

"మామా, ఈ కార్జం ఒక గంట ఇస్తావా? నువ్వూ నాతో రావల్ల."

"కార్జంతో నీకేం పని మలేరియా సారూ?"

చెప్పాను. ఆయన కత్తి కడుక్కుని పళ్లెం తీసుకుని లేచాడు.

పెద్దాయన ఇంటి ముందు చింతబరికెల పందిరి కింద పదిహేను మందిదాకా ఉన్నారు. నేను పళ్లెం అరుగు మీద పెట్టాను. ఒకడు "ఏంది సారూ, మాకు విందు తెచ్చినావా?" అన్నాడు. కొందరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"మీ వీధికి వచ్చిన జబ్బు ఇందులోనే ఉండాది" అన్నాను. "మనిషికి ఇది కుడి పక్కన, పక్కటెముకల కింద దాక్కోనుంటాది. మనిషిదైతే దీనికన్నా రెండింతలు బరువు. ఒంటి లోపల ఇంత పెద్ద అవయవం ఇంకోటి లేదు. ఎముకల చాటున ఎందుకుంది? నెత్తురుతో నిండిన మెత్తటి సరుకు కాబట్టి. మామా, కోసి చూపించు."

కాపరి నిలువుగా కోశాడు. నెత్తురు పళ్లెంలోకి జారింది. లోపల సన్నటి గొట్టాలు కొమ్మల్లాగా చీలిపోయి కనబడ్డాయి.

"దీనికి నెత్తురు రెండు తావుల నుంచి వస్తాది. ఒకటి గుండె కాడ్నుంచి. రెండోది పేగుల నుంచి. మనం తిన్నది, తాగింది ఏదైనా సరే ముందు ఈడికే రావల్ల. మంచిదైతే దాచిపెట్టుకుంటాది. చక్కెర దాచిపెట్టుకుని మనం పస్తున్నప్పుడు ఇస్తాది. చెడ్డదైతే విరిచి బయటికి తోస్తాది. మనం తాగే నీళ్లలో మురుగు కలిస్తే ఆ జబ్బు ముందు వచ్చి కూర్చునేది గూడా ఈడనే."

కాపరి వేలితో ఆకుపచ్చ సంచి చూపించాడు. "ఇదిగో చేదుతిత్తి. ఇది పగిలితే కూరంతా యిసం మాదిరి చేదు. కార్జం చెడిన గొర్రె మేత ముట్టదు. కండ్ల రెప్ప తిప్పి చూస్తే పచ్చగుంటాది. మీ ఇండ్లల్లోనూ అంతే గదప్పా, అన్నం ముట్టకపోవడం, కండ్లు పచ్చగవడం."

అందరి ఇళ్లలోనూ రోగులున్నారు.

"ఆ చేదు పేగుల్లోకి పోవల్ల" అన్నాను. "కార్జం వాచి, దావ మూసుకుంటే ఆ పచ్చదనం నెత్తురులోకి మళ్లుతాది. ఇంతే. మందు పెట్టింటే మీ వీధి అంతా ఒక దినమే పడిపోయేది. ఇట్ల నెల పొడుగునా ఒకరొకరుగా పడేది మురుగు నీళ్లకే."

పెద్దాయన అప్పుడు నోరు తెరిచాడు. "మురుగైతే వాళ్లకేల రాలేదు? వాళ్లు తాగేది సర్బత్తా?"

"వాళ్లకూ వచ్చింది."

"లేదని నువ్వే రాసినావు. పోలీసోళ్లు సదివి వినిపించినారు."

"భయపడి పోలేదు పెద్దాయనా. పోకుండా రాసినా."

ఒకడు ముందుకు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "వాళ్లు ఎంతిచ్చినారు రా నీకు?" పెద్దాయన చెయ్యెత్తాడు, వాడు వదిలాడు.

"రుజువేంది?" అన్నాడు పెద్దాయన.

తర్వాత నేను అన్న మాట మంచిదో చెడ్డదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఒక ఆడమనిషి జబ్బును నలుగురిలో రుజువు కింద పెట్టాను.

"ప్రెసిడెంటు కోడలికి వచ్చింది. ఎనిమిది నెలల కడుపు. ఇబ్బుడు జీపులో ఈ వీధిలోనే ప్రొద్దుటూరికి పోతాది. వాళ్ల మొగోళ్లు ఎవురూ ఉండరు, అత్త ఒక్కతే. జీపు ఈడ ఆపుతా. కండ్లు చూడండి. పచ్చగ లేకుంటే నన్ను ఏం జేస్తారో చేసుకోండి."

కాపరి కత్తి తుడుచుకుంటూ నిలబడ్డాడు. చివరికి పెద్దాయన, "మా ఆడోళ్లు చూస్తారు. మొగోళ్లు లోపలికి పోండి" అన్నాడు.

కాపరి పోయి చెప్పగానే జీపు వచ్చింది, ముందు డ్రైవరు, డాక్టరు. వెనక సీట్లో నర్సమ్మ ఒడిలో ఆ అమ్మాయి తల ఉంది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అత్త కాళ్ల దగ్గర కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. వీధి పొడుగునా తలుపులు సగం తెరుచుకున్నాయి. పెద్దాయన భార్య కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. ఆమెకూ కామెర్లు వచ్చి అప్పుడప్పుడే లేచి తిరుగుతోంది. జీపు వెనక తలుపు దగ్గరికి వచ్చి, వంగి, అమ్మాయి కంటి రెప్పను బొటనవేలితో పైకెత్తింది. తర్వాత అత్త వైపు చూసింది. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఊళ్లో ఉండి ఎన్నేళ్లు మాట్లాడుకోలేదో నాకు తెలియదు.

"మజ్జిగ గూడా పడలేదా పిల్లకి?" అంది పెద్దాయన భార్య.

"మూడు దినాల్నుంచి ఏమీ పడలేదు" అంది అత్త.

ముసలామె మొగుడి వైపు తిరిగింది. "పసుపు ముద్ద మాదిరుండాయి కండ్లు. నాకన్నా శానా ఎక్కువ. ఏమిటికి నిలబెట్టినారు జీపును, పోనీండి బిన్నా, ఆలిస్యం చేయొద్దండి."

జీపు పోయింది. నేను కింది వీధిలోనే ఉండిపోయాను. ఉండమన్నది పెద్దాయనే. "మురుగు యాడ కలుస్తాందో కాలవ తవ్వి చూద్దాం. నువ్వు ఈడే ఉండల్ల" అన్నాడు.

ట్యాంకు నుంచి గొట్టం ఎటు పోయిందో వాల్వు తిప్పే ఆయనకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. జైల్లో ఉన్న మనిషిని బయటికి రప్పించలేం కదా, జమ్మలమడుగు పోయి ఆయన్నే అడిగి రమ్మని మా డ్రైవరును మరుసటి రోజు పంపాం. ఆయన ఒక కాగితం మీద వంకరటింకర గీతలు గీసి ఇచ్చాడు. గొట్టం బడి అవతల సందుకు ఒక కొమ్మ, కింది వీధికి ఒక కొమ్మ. రెండూ చీలేది పంచాయతీ ఆఫీసు ముందు, మురికి కాలువ కింద. పై వీధిలో ఆ ఒక్క సందులోనే జబ్బు ఎందుకు వచ్చిందో ఆ గీతల్లోనే ఉంది.

కాలువకు ఇటు కింది వీధివాళ్లు, అటు పై వీధివాళ్లు నిలబడ్డారు. ఎవరి పారలు వాళ్లవి, ఎవరి చెంబులు వాళ్లవి. మధ్యలో పోలీసులు ఇద్దరు. మోకాలి లోతు తవ్వేసరికి గొట్టం అతుకు బయటపడింది. లోపలి రబ్బరు చుట్టు కుళ్లిపోయి, వేలు పట్టేంత సందు ఉంది. నీళ్లు వదిలినప్పుడు బయటికి చిమ్మేది. ఆపినప్పుడు మురుగును లోపలికి పీల్చేది. ఎవరూ పగలగొట్టలేదు. ఎవరూ మందు కలపలేదు. వేసినప్పటి నుంచి దాన్ని ఎవరూ చూడలేదు, అంతే. అంతమంది మనుషులు పారలు పట్టుకుని ఆ చిన్న సందును చూస్తూ నిలబడ్డారు. కోపగించుకోవడానికి ఎవరూ దొరకనప్పుడు మనుషులు ఎంత దిక్కుతోచక ఉంటారో ఆ రోజు చూశాను.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆ అమ్మాయి మూడు రోజులు స్పృహ లేకుండా ఉంది. రెండో రోజు కాన్పయింది. బిడ్డ చచ్చి పుట్టింది. నెత్తురు చాలా పోయింది, గడ్డకట్టడం లేదు. బాటిలు మీద బాటిలు గ్లూకోజు పెట్టారు, ఎందుకంటే కాలేయంలో దాచిన చక్కెర అయిపోయింది. మా డాక్టరు సెలవు పెట్టి అక్కడే కూర్చున్నాడు. నాలుగో రోజు ఆమె కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. కాలేయానికి ఒక గుణం ఉందట, ఒంట్లో మరే పెద్ద అవయవానికీ లేనిది. సగం పైగా పాడైనా, మిగిలింది బతికి ఉంటే, మళ్లీ పెరుగుతుందట. ఆమెది పెరిగింది. నెలన్నరకు కళ్లు తెల్లబడ్డాయి.

నేను రెండో నివేదిక రాశాను. పై వీధిలో కేసులు ఇన్ని అని రాసి, కింద ఒక వాక్యం పెట్టాను: "మొదటి నివేదికలో పై వీధి గురించి రాసింది తప్పు. నేను ఆ వీధికి వెళ్లలేదు."

డాక్టరు చదివి తల ఊపాడు. "చివరి వాక్యం తీసేయొచ్చుగా. తర్వాత బయటపడిన కేసులని రాస్తే సరిపోతుంది. మీకు మెమో వస్తుందండీ."

నిజమే, సరిపోయేది. కానీ వాల్వు తిప్పే ఆయన ఇంకా జైల్లోనే ఉన్నాడు. మొదట లేవు, తర్వాత వచ్చాయి అంటే, మొదట కింది వీధికే మందు పెట్టారనే మాట నిలబడుతుంది. తీసేయలేదు. మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఒకటి ఆగింది. జిల్లా ఆఫీసులో కొందరు నన్ను కొన్నాళ్లు "లేవు సారు" అని పిలిచారు. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

కేసు కొన్ని నెలలకు జమ్మలమడుగు కోర్టులో విచారణకు వచ్చింది. వాల్వు తిప్పే ఆయన బెయిలు మీద వచ్చి బోనులో నిలబడ్డాడు, సగం చిక్కిపోయి. ఆయన తరఫు వకీలు నా రెండు నివేదికలూ చేతిలో పట్టుకుని అడిగాడు.

"వీటిలో ఏది నిజం?"

"రెండోది."

"మొదటిది ఎందుకలా రాశారు?"

"ఆ వీధికి పోకుండా రాశాను సార్."

"ఎందుకు పోలేదు?"

కోర్టు హాల్లో ఒక పక్క కింది వీధి వాళ్లు, ఒక పక్క పై వీధి వాళ్లు. వరండాలో మా ఆఫీసు గుమాస్తా కూడా ఉన్నాడు. డ్యూటీ ఒత్తిడి అనవచ్చు. బస్సు టైము అనవచ్చు.

"భయమేసింది సార్."

మేజిస్ట్రేటు తలెత్తి చూశాడు. "కాస్త గట్టిగా చెప్పండి" అన్నాడు.

"భయమేసి పోలేదు" అని గట్టిగా చెప్పాను. ఆయన దాన్ని గుమాస్తాకు చెప్పి రాయించాడు. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ హాల్లో భయం తెలియనివాళ్లు ఎవరూ లేరని తర్వాత అర్థమైంది.

నా తర్వాత ప్రెసిడెంటు కోడలు సాక్షిగా వచ్చింది. అలాంటి ఇళ్ల ఆడవాళ్లు కోర్టు మెట్లెక్కడం అప్పట్లో లేదు. మామ వద్దన్నా అత్త తీసుకొచ్చిందని నర్సమ్మ చెప్పింది. "నాకూ వచ్చింది. ఆ నీళ్లకే వచ్చింది. ఆయప్ప ఏం కలపలేదు" అని మూడు ముక్కలు చెప్పి దిగిపోయింది. ఆ వాయిదాలోనే కాదు గానీ, ఆ కేసు కొట్టేశారు. వాల్వు తిప్పే ఆయన ఊరికి పోయి మళ్లీ వాల్వులే తిప్పాడు. పార్టీలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఎన్నికలొచ్చాయి, తలలు పగిలాయి. నేను ఏ మార్పూ తేలేదు. ఒక అతుకు మార్పించానంతే.

సాక్ష్యం అయ్యాక వరండాలో ఆ అమ్మాయి నా కోసం ఆగింది. అత్త కొంచెం దూరంగా నిలబడింది.

"సారూ, ఒకటి అడుగుతా" అంది. "మీరు మొదటి తూరే మా వీధికి వచ్చింటే నా బిడ్డ బతికుండునా?"

అప్పటికే ఆ ప్రశ్నను నేను డాక్టరును అడిగి ఉన్నాను. జబ్బు అంతకు ముందే ఒంట్లోకి పోయి ఉంటుంది, మీరు పోయినా ఆగేది కాదేమో అని ఆయన నా మనసు కుదుటపడటానికి చెప్పాడు. పది రోజుల ముందు ఆసుపత్రికి చేరి ఉంటే ఏమయ్యేదో మాత్రం ఆయన చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

ఆ డాక్టరు మాట ఆమెకు చెప్పి తప్పుకోవచ్చు. ఆమె నమ్మేది కూడా.

"తెలీదమ్మా" అన్నాను. "బతికేదో లేదో తెలీదు. నేను రావల్సింది."

ఆమె నా వైపు చూసింది. కళ్లు తెల్లగా, తేటగా ఉన్నాయి. తల ఊపి, అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. వాళ్ల ఊరి బస్సు, కింది వీధిలో ఆగే బస్సు, అక్కడ సిద్ధంగా ఉంది. అందులోనే ఎక్కారు.